యాభై దగ్గర వణికిన ముల్లు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. మెకానికల్ ఇంజనీరింగ్ పాసై (నాలుగేళ్లలో కాదు, నాలుగున్నరేళ్లలో, ఆ అర సంగతి ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేదు) ఊరికి వచ్చిన కొత్త. మా జూలూరుపాడు చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు ఆగినా, ఎవరి మందు పిచికారీ మిషను మొరాయించినా నాకు కబురు వచ్చేది. నేను వెళ్లి నడుము మీద చేతులు పెట్టుకుని, కాసేపు దాని చుట్టూ తిరిగి, "ఎఫిషియెన్సీ పడిపోయింది" అనేవాణ్ని. వాళ్లు మర్యాదగా "అవ్ మరి" అని తలూపి, చాయ్ తాగించి, నేను వీధి మలుపు తిరగ్గానే అసలు మెకానిక్కుకు ఫోన్ చేసుకునేవారు. ఇన్నేళ్ల తర్వాత, ఖమ్మంలో ఒక కార్ల వర్క్‌షాపులో చేరి నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్న ఈ వయసులో, ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ముఖ్యంగా ఎవరైనా కారు తెచ్చి "సార్, బండి యాభై మీద పోతుంటే స్పీడు కొంచెం పెరిగి, కొంచెం తగ్గి, ఒక తీరుగా ఉండట్లేదు" అన్నప్పుడు.

హైదరాబాదులో ఆరు నెలలు హాస్టల్లో ఉండి ఇంటర్వ్యూలకు తిరిగాను. "రేపు ఫోన్ చేస్తం" అన్న కంపెనీలేవీ చేయకపోయేసరికి ఇంటికొచ్చి పడ్డాను. మా నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనకుండా అన్నం తినడం ఎంత చప్పుడుగా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. ఆ చప్పుడు భరించలేక మా నాయనమ్మ రంగంలోకి దిగింది. ఆమె పేరు మీద రెండెకరాల చేను ఉంది. ఆ ఏడాది దాని మీద వచ్చిన పత్తి పైసలన్నీ పెట్టి నాకొక పాత కారు కొనిపెట్టింది. "వీడు ఇంజన్ల చదువు చదివిండు. ఇంజన్ ఇంటికి తెచ్చిస్తె బతుకుతడు" అనేది ఆమె లెక్క. ఆఫీసులకు కార్లు నెల కిరాయికి పెట్టుకుంటారని, మా వైపు చాలామంది పిల్లలు అట్లా బతుకుతున్నారని ఆమెకు ఎవరో చెప్పారు. చదువుకున్నవాడు డ్రైవరు కావడమేందని మా నాన్న సణిగితే, "ఊకె పండుకునే ఇంజనీరు కంటె నడిపే డ్రైవరు నయం" అని నోరు మూయించింది.

పెనుబల్లిలో ఒక రిటైర్డ్ సారు దగ్గర తీసుకున్నాం ఆ బండి. తెల్లది, చిన్నది, గేర్లది. ఏసీ అని ఒక మీట ఉండేది గాని, దాన్నుంచి చల్లదనం ఎన్నడూ వచ్చేది కాదు. ఆ సారు ఎంత పద్ధతిగల మనిషంటే, పదేళ్ల పాటు మడమ ఒక్కచోటే ఆనించి నడిపినట్టున్నాడు, యాక్సిలరేటర్ కింద కార్పెట్ రూపాయి బిళ్లలా గుండ్రంగా అరిగిపోయి రేకు కనబడేది. దాని మీద ఒక నల్ల రబ్బరు మ్యాటు మాత్రం వేసి ఇచ్చాడు. బండి ఇంటికి రాగానే నాయనమ్మ ఆ మ్యాటు తీసి దులిపింది. దాన్నుంచి రాలిన మట్టి చూసి, "ఎవరెవరు తొక్కిన మన్నో" అని మొహం చిట్లించి, దాన్ని కోళ్ల గూట్లో పరిచేసింది. కోళ్లు ఆ ఏడాది చాలా సుఖంగా గుడ్లు పెట్టాయి.

ఆ తర్వాత బండి పూజ. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు స్వస్తిక్, స్టీరింగుకు బొట్టు, గేరు రాడ్డుకు బొట్టు. అక్కడితో ఆగితే బాగుండేది. నాయనమ్మ డ్రైవరు సీటు ముందు గొంతుక్కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి, క్లచ్చుకు, బ్రేకుకు, యాక్సిలరేటరుకు కూడా తలా ఒక బొట్టు పెట్టింది. పెట్టి లేచి నా చెప్పుల వైపు చూసింది.

"ఏందిరా, గవ్వి వేసుకునే తొక్కుతవా? లచ్చిమి ఇది. దాని ఒళ్ల కూసుంటున్నవ్, దాని అన్నం తింటవ్, చెప్పు కాళ్లతోని తంతవా?"

"తన్నుడు కాదు నాయనమ్మ, నొక్కుడు."

"ఏదైతెంది. బానెట్ మీద చెయ్యి పెట్టు. చెప్పులతోని ఎక్కనని ఒట్టెయ్."

ఒట్టేశాను. మరి ఎక్కేవాళ్ల సంగతేందని మా నాన్న అడిగితే, "కిరాయికి ఎక్కేటోళ్లు చుట్టాలు. చుట్టాలకు నియమాలుండయ్" అని తేల్చేసింది. పోయిన జన్మలో వకీలు అయ్యుంటుందని నా అనుమానం.

భద్రాచలం వైపు అడవి పక్కన ఒక చిన్న దవాఖానాలో పనిచేసే డాక్టరమ్మకు బండి కావాలని తెలిసి వెళ్లాను. ఖమ్మం మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. మాట నెమ్మది, చూపు మాత్రం మనిషి లోపల ఎక్స్‌రే తీసేది. పొద్దున కొత్తగూడెంలో ఆమెను ఎక్కించుకుని దవాఖానాకు తీసుకుపోవాలి, మధ్యాహ్నం లోపలి ఊళ్లకు క్యాంపులకు తిప్పాలి, సాయంత్రం దింపాలి. "ఇంజనీరింగ్ చదివావా? అయితే బండి దారిలో ఆగదన్నమాట" అని నవ్వి ఒప్పుకుంది. ఆ మాటతో నేను పొంగిపోయాను. చలికాలం చివర్లో మొదలైన ఉద్యోగం. రెండు నెలలు బండి నూనె పోసినట్టు నడిచింది. అటూ ఇటూ టేకు చెట్లు, మధ్యలో నున్నటి రోడ్డు, నాలుగో గేరు, స్పీడు ముల్లు యాభై దగ్గర నిలబడి కదిలేది కాదు. ఇంటికొచ్చి రోజూ నాయనమ్మకు చెప్పేవాణ్ని. ఆమె రోజూ బండికి దండం పెట్టేది, నాకేమీ పెట్టేది కాదు.

ఉగాది దాటింది. మా వైపు ఎండలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. ఒక మధ్యాహ్నం క్యాంపుకు పోతుంటే యాభై దగ్గర ఉండాల్సిన ముల్లు నలభై ఏడుకు జారింది. నేను చూస్తుండగానే యాభై మూడుకు లేచింది. మళ్లీ జారింది. బండి ముందుకొకసారి, వెనక్కొకసారి, ఊయలకూ జల్లెడకూ మధ్య రకంగా ఊగింది. పెద్ద ఊపు కాదు. ఎదుటి వాహనంలోవాళ్లకు తెలిసేంత కాదు. కానీ వెనక సీట్లో కూర్చున్న డాక్టరమ్మ కడుపుకు తెలిసింది. వారం రోజుల్లో ఆమె సంచిలోకి ఒక నిమ్మకాయ వచ్చింది. ఇంకో వారానికి వాంతుల మాత్రలు వచ్చాయి. ఆ పై వారం ఒకనాడు అడవిలో బండి ఆపించి, ఒక మద్దిచెట్టును పట్టుకుని నిలబడి, తన పేషెంట్లు ఎవరూ అటు రాలేదు కదా అని చుట్టూ చూసుకుంది.

"తమ్ముడూ," అంది మూతి తుడుచుకుని, "నేను కాన్పులు చేసినదాన్ని, పాముకాట్లు చూసినదాన్ని. నాకు కళ్లు తిరగవు. నీ బండెక్కితే తిరుగుతున్నాయి. వచ్చే సోమవారం నుంచి రోజూ లోపలి ఊళ్లకు వెళ్లాలి. నేను దిగేసరికి నేనే మంచం పట్టేటట్టుంటే జనానికి ఏం చూస్తాను? సోమవారానికి బాగు చేయించు. లేకపోతే వేరే బండి చూసుకుంటాను. ఏమనుకోవద్దు."

బండి పోతే కిరాయి పోతుంది, కిరాయి పోతే నాయనమ్మ పత్తి చేను గాలికి పోయినట్టే. అన్నిటికంటే ముందు మళ్లీ మా నాన్న చప్పుడుగా అన్నం తింటాడు. ఆరు రోజులున్నాయి. నేను ఇంజనీరును. ఆరు రోజులు చాలనుకున్నాను.

మొదటి రోజు నా పుస్తకాలు దించాను. అటక మీద దుమ్ము పట్టిన అట్టల మధ్య ఇంజన్ల గురించి చాలా రాసి ఉంది. మధ్యాహ్నం పూట బండి ఎందుకు ఊగుతుందో మాత్రం రాసి లేదు. అయినా ఒక కాగితం తీసుకుని కారణాలన్నీ వరసగా రాశాను. పెట్రోలు ఫిల్టరు, ప్లగ్గులు, గాలి దారి, క్లచ్ ప్లేటు, యాక్సిలరేటర్ కేబులు. పదమూడు కారణాలు తేలాయి. ఆ కాగితం పట్టుకుని మా ఊరి మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. ఆయన్ని అందరం గ్రీజు బాబాయ్ అంటాం. బడి మొహం పెద్దగా చూసిన మనిషి కాదు. ఇంజను చప్పుడు విని బండి ఏ ఊరిదో చెప్పగలడని పేరు.

ఆయన కాగితం ఒకసారి తిప్పి చూసి, దాని మీద స్పానర్ పెట్టాడు (గాలికి ఎగిరిపోకుండా అనుకున్నాను; తర్వాత ఆ కాగితంతోనే చేతులు తుడుచుకున్నాడు).

"ఏం ఇంజనీరూ, ఎప్పుడు ఊగుతది?"

"నాలుగో గేరుల, యాభై మీద."

"క్లచ్ జారుతున్నదేమో. కాదు, జారితే ఇంజన్ అరుస్తది, బండి ఉరకదు. ఇది ఉరుకుతనే ఊగుతున్నదంటివి. పెట్రోల్ల నీళ్లున్నయేమో."

పెట్రోలు తీసి చూశాం. నీళ్లు లేవు. ఫిల్టరు మార్చాం. ప్లగ్గులు తీసి గీకాం, సరిపోక కొత్తవి వేశాం. ఇంజనులోకి గాలి పోయే దారిలో పట్టిన మసి అంతా తుడిచాం. కేబులు బిగించాం, తర్వాత వదులు చేశాం, తర్వాత మొదట ఎట్లా ఉందో అట్లా పెట్టాం. ప్రతి పనీ అయ్యాక బాబాయ్ తన టైరు చెప్పులు టపటపలాడించుకుంటూ ఎక్కి, అన్నారుపాడు రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వచ్చేవాడు. "మస్తుగున్నది, పో" అనేవాడు. పొద్దున నేను నడిపినా మస్తుగానే ఉండేది. డాక్టరమ్మను ఎక్కించుకుని మధ్యాహ్నం అడవి దాటేసరికి ముల్లు మళ్లీ వణికేది. వెనక సీట్లోంచి నిమ్మకాయ వాసన వచ్చేది.

గురువారం నాటికి నాకు కోపమొచ్చింది. ఆ రోజు క్యాంపు లేదు. "బాబాయ్, మధ్యాహ్నం రెండింటికి నువ్వే నడిపి చూడు, నేను పక్కన కూసుంట" అన్నాను. నిప్పులు కురిసే ఎండలో ఇద్దరం బయల్దేరాం. అరగంట, ముప్పావుగంట. ముల్లు యాభై మీద మేకు కొట్టినట్టు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు నేను స్టీరింగు తీసుకున్నాను. పది నిమిషాల్లో ఊగుడు మొదలైంది. బాబాయ్ డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని విని, చాలా బాధగా ఒక మాట చెప్పాడు.

"బండిల ఏం లేదు బిడ్డా. దానికి నీ మీద నమ్మకం కుదర్లేదు."

ఇంజనీరింగ్ చదివినవాడికి ఇంతకంటే అవమానం ఉండదు. ఇద్దరు మనుషులు, ఒకే బండి, ఒకే రోడ్డు, ఒకే ఎండ. ఒకడి కింద బుద్ధిగా నడిచి, ఒకడి కింద ఊగుతోంది. ఏ బుద్ధిమంతుడైనా ఆ ఒకణ్ని అనుమానిస్తాడు. నేను మాత్రం ఇంటికి పోయి, గ్రీజు పట్టిన నా కాగితంలో పద్నాలుగో కారణం రాసుకున్నాను: డ్రైవరు బరువు తేడా. ఆ రాత్రి అన్నం కూడా కొంచెం తగ్గించి తిన్నాను.

శనివారం. ఆఖరి క్యాంపు. పని ముగించుకుని తిరిగొస్తున్నాం. ముల్లు తన ఆట తను ఆడుతోంది. నేను అద్దంలో డాక్టరమ్మ మొహం చూడటం మానేసి చాలాసేపయింది. ఉన్నట్టుండి ఆమె, "ఆపు. నేను ముందు సీట్లో కూర్చుంటా" అంది. దిగి, ముందుకొచ్చి, బెల్టు పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. ఏదో నిర్ణయించుకున్నట్టుంది. నాకు కాళ్లు చల్లబడ్డాయనేవాణ్ని, కానీ ఆ సమయంలో అది అబద్ధం.

"ఇది మొదలై ఎన్నాళ్లయింది?"

"ఉగాది దాటినంక, మేడం."

"రోజంతా ఉంటుందా, టైము ప్రకారం వస్తుందా?"

"మధ్యాహ్నమే వస్తది."

"పొద్దున అస్సలు లేదు?"

"లేదు."

"మొదలుపెట్టగానే వస్తుందా, కాసేపు నడిచాకా?"

"అరగంట నడవాలె."

"వానపడ్డ రోజు?"

నేను ఆలోచించాను. ఆ నెలలో ఒక్కసారి మబ్బుపట్టి జల్లు పడింది. ఆ రోజు ముల్లు కదలలేదు. ఆ సంగతి పదమూడు కారణాల్లో ఎక్కడా లేదు.

"రోజూ ఒకే వేళకు వచ్చిపోయే జ్వరాలు ఈ అడవిలో ఎన్ని చూశాను తమ్ముడూ. నువ్వేమో రక్తపరీక్ష చేయించకుండా దొరికిన మందల్లా మింగించావు దానికి. ఇంకెవరైనా నడిపితే?"

"ఊగదు."

"అంటే జ్వరం బండికి కాదు. పోనీ, మెల్లగా నడుపు. నేను నిన్ను చూస్తాను."

చూసింది. మొహం కాదు, మోకాలి కిందకు. ఒక డాక్టరు అంత శ్రద్ధగా మన కాలివైపు చూస్తుంటే ఎంత సిగ్గుగా ఉంటుందో అనుభవిస్తే గాని తెలియదు. రెండు కిలోమీటర్లు పోయాక అడిగింది.

"ఆ కాలు ఎందుకు గాల్లో ఉంచావు?"

"ఏ కాలు మేడం?"

"కుడికాలు. వేళ్ల కొసలు మాత్రమే పెడల్ మీద ఉన్నాయి. మడమ గాల్లో వేలాడుతోంది. రోడ్డు మీద గుంత వస్తే కాలు ఎగురుతోంది, కాలు ఎగిరితే బండి ఎగురుతోంది. మడమ కింద పెట్టు."

"పర్లేదు మేడం."

"పెట్టు."

పెట్టాను. అరిగిన కార్పెట్ మధ్యలో, రూపాయి బిళ్లంత రేకు మీద. అరగంట ఎండలో, అరగంట ఇంజను సెగలో కాలిన రేకు. నా నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది, అది ఏ భాషో నాకు తెలియదు. బండి ముందుకు దూకి ఆగిపోయింది. టేకు ఆకుల మధ్య నుంచి రెండు అడవికోళ్లు లేచిపోయాయి.

కాలు కాలుతోందన్న సంగతి నాకు తెలుసు. బండి ఊగుతోందన్న సంగతీ తెలుసు. ఆ రెంటికీ బంధుత్వం ఉందని మాత్రం నాలుగున్నరేళ్ల ఇంజనీరింగు నాకు చెప్పలేదు. చలికాలంలో రేకు చల్లగా ఉండేది, మడమ హాయిగా దాని మీద ఆనేది. ఎండలొచ్చాక నాకు తెలియకుండానే మడమ పైకి లేచింది. నేను ఓర్చుకుంటున్నానని మాత్రమే అనుకున్నాను. ఓర్చుకోవడం కూడా బండిని ఊపుతుందని ఎవరికి తెలుసు?

డాక్టరమ్మ నన్ను కిందికి దింపి, చెట్టు నీడన రాయి మీద కూర్చోబెట్టి, కాలు ఎత్తించి చూసింది. బొబ్బ ఒకటి పాతది, ఒకటి కొత్తది. సంచిలోంచి మందు తీసి పూసింది. "చెప్పులెందుకు వేసుకోవు?" అంటే ఒట్టు సంగతి చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మందుల చీటీ ఒకటి చించి, నా పేరు, వయసు రాసి, కింద ఇట్లా రాసి చేతిలో పెట్టింది: 'చెప్పులు, ఒక జత. బండి ఎక్కిన ప్రతిసారీ. మానకూడదు.'

"ఇది సోమవారం నుంచి వాడాలి. వాడకపోతే వేరే బండి. మీ నాయనమ్మతో నువ్వే మాట్లాడుకో. ఆ వైద్యం నా దగ్గర లేదు."

ఆ సాయంత్రమే ఒక జత చెప్పులు కొన్నాను. మెత్తటివి, నీలం రంగువి. నాయనమ్మతో మాట్లాడటానికి బదులు వాటిని డ్రైవరు పక్క సీటు కింద దాచాను. పొద్దున ఒట్టికాళ్లతో ఇంట్లోంచి బయల్దేరి, ఊరి పొలిమేర దాటాక వేసుకుందామని నా పథకం. ఇంజను విప్పడానికి వెనకాడని మొనగాణ్ని, నాయనమ్మ ముందు నోరు విప్పడానికి జంకాను.

తెల్లారితే ఆదివారం. నాయనమ్మ దమ్మపేటలో ఉన్న తన చెల్లెలిని చూడాలంది. చూసి, పామాయిల్ తోటలో మామిడికాయ పప్పుతో అన్నం తిని, మధ్యాహ్నం రెండింటికి ఎండ చూసి ఎండే భయపడే వేళకు వెనక్కి బయల్దేరాం. ఆమె ముందు సీట్లో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. ఆమె చెప్పులు వెనక డిక్కీలో, పాత సంచిలో. ఇరవై నిమిషాలు గడిచాయి. మందు పూసిన మడమ గాల్లోకి లేచింది. ముల్లు వణికింది.

"గిట్ల ఊగుతున్నదేందిరా? అన్నం మీదికి వస్తున్నది. ఇందుల డాక్టరమ్మ పేగులు ఎట్ల నిలిచినయ్?"

"రోడ్డు బాగ లేదే."

రోడ్డు అద్దంలా ఉంది. అంతలో ఒక మేక అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టాను. సీటు కిందనుంచి నీలం చెప్పులు రెండూ జారుకుంటూ వెళ్లి నాయనమ్మ ముందు వరసగా నిలబడ్డాయి. ఆమె వంగి, ఒకటి తీసి, తన అరచేయి పక్కన పెట్టి కొలిచింది.

"ఇవి ఎవలియి?"

"డాక్టరమ్మయి."

"డాక్టరమ్మ పాదాలు గింత పొడుగున్నయా?"

ఇంకేముంది. బండి పక్కకు తీసి అంతా చెప్పాను. నమ్మకం కుదరని బండి, పదమూడు కారణాలు, నిమ్మకాయ, చీటీ, అన్నీ. ఒట్టు తప్పలేదని, ఇంకా వాటిని వేసుకోలేదని మాత్రం రెండుసార్లు చెప్పాను. ఆమె వంగి నా కాళ్ల దగ్గర రేకు మీద అరచెయ్యి పెట్టింది. చటుక్కున తీసేసింది. తర్వాత నా పాదం తన వైపు లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఎన్ని దినాలాయె?"

"నెల."

"నెల్రోజులు కాల్చుకున్నవా? నాకెందుకు చెప్పలే?"

"నువ్వే గదనే ఒట్టు వేయిస్తివి."

"చెప్పులేసుకోవద్దన్న గని, కాళ్లు కాల్చుకోమన్ననా? లచ్చిమి నీ బొబ్బలేం జేసుకుంటది?" కోపమనుకున్నాను, చూస్తే కళ్లు నిండి ఉన్నాయి. "గింత చదువు చదివినవ్. నోరు లేదురా నీకు?"

కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులు తిరగేసి అడుగు చూసింది. "నేల తొక్కినయా?"

"లేదు. కొట్ల నుంచి సీదా బండిలకే వచ్చినయ్."

"అయితె తొక్కనియ్యకు. బండిల పుట్టినయ్, బండిలనే ఉండాలె. దిగేటప్పుడు ఇడిచి దిగు." అని డాష్‌బోర్డు మీదున్న కుంకుమ పొట్లం విప్పి, రెండు చెప్పులకు రెండు బొట్లు పెట్టింది. ఒక క్షణం ఆలోచించి, వాటికి దండం కూడా పెట్టింది. "లచ్చిమికి చెప్పిన. ఏమనదు" అంది. ఆ సంభాషణ ఎప్పుడు జరిగిందో నేను అడగలేదు. చెప్పులు తొడుక్కుని మడమ ఆనించాను. ముల్లు యాభై మీద నిలబడింది. నాయనమ్మ ముల్లు చూడలేదు, ఇంటిదాకా నా కాలే చూస్తూ కూర్చుంది.

సోమవారం పొద్దున డాక్టరమ్మ ముందు కిటికీలోంచి వంగి చూసింది. కుంకుమ బొట్లతో మెరిసిపోతున్న నీలం చెప్పులు కనబడ్డాయి. "చీటీలో బొట్టు రాయలేదే నేను" అని, పెదవి బిగపట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. ఆ మధ్యాహ్నం అడవి దారిలో ఎండ మామూలుగానే మండింది. ముల్లు కదలలేదు. గొప్పగా చెబుదామని అద్దంలోకి చూస్తే డాక్టరమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నిమ్మకాయ ఒళ్లోంచి జారి సీటు మూలకు దొర్లింది. ఒక డ్రైవరుకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీ ఇవ్వదు. చెప్పుకోవడానికి ఎవరూ మెలకువగా లేకపోవడం ఒక్కటే లోటు. ఆమె బదిలీ అయ్యేదాకా, మూడేళ్లు, ఆ బండిలోనే తిరిగింది. గ్రీజు బాబాయ్ ఒకనాడు "ఏందిరా తేలింది?" అని అడిగితే, "ఎర్తింగ్ ప్రాబ్లం బాబాయ్" అన్నాను. ఆయన గంభీరంగా తలూపి, "నేను ముందే అనుకున్న" అన్నాడు.

ఆ కుర్రాడు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది. పద్నాలుగు కారణాలు కాగితం మీద రాసుకుని, పదిహేనోదాన్ని కాలికింద పెట్టుకుని తిరిగాడు. బండిలో ప్రతి భాగాన్నీ అనుమానించాడు, తన్ను తప్ప. అయినా వాడి మీద నాకు కోపం రాదు. కాలు కాలినా నాయనమ్మ మాట జవదాటని పిల్లవాడు, వాణ్ని ఏమనగలను? ఒక్కసారి ఆమెను అడిగి చూడాల్సింది, అంతే. అడిగితే ఆమె కాదనేది కాదు.